భోజనానికి ముందు చేతులు

సాయంత్రం ఏడు పదికి మా తమ్ముడు జోయెల్ పప్పన్నం కలుపుకొని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అమ్మను సమాధి చేసిన మర్నాడది. భీమవరంలో మా పెద్దమ్మగారింట్లో భోజనాల బల్లకు ఎదురుగా గోడ గడియారం ఉంది, అందుకే సమయం తెలిసింది. గుర్తుండిపోవడానికి మాత్రం వేరే కారణం ఉంది. సౌదీలో, రాబిగ్‌లో ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో రాత్రి భోజనం ఏడు పదికే. నాన్న కంపెనీ బస్సు దిగి, స్నానం చేసి వచ్చేసరికి అంతే అయ్యేది. జోయెల్ తినడం మొదలుపెట్టేసరికి నా ఎడమ చెయ్యి బల్ల మీద అరచెయ్యి పైకి పెట్టి ఉంది. అలవాటు కొద్దీ పెట్టాను. పక్కన కూర్చున్నవాళ్లు దాన్ని చూడలేదు. కాసేపటికి తీసేశాను.

ఆ రెండు రోజులూ వచ్చినవాళ్లందరూ ఒకే మాట అన్నారు. ఆమె ప్రార్థనే పిల్లల్ని కాపాడిందని పాస్టరుగారన్నారు. పరాయి దేశంలో పెరిగినా పిల్లలు చెయ్యి దాటిపోలేదంటే అది తల్లి మోకాళ్ల మీద గడిపిన సమయమేనని అమ్మతో పాటు నర్సింగ్ చదివిన ఆవిడ అన్నది. నేను తల ఊపాను. అబద్ధమని అనను. కానీ చనిపోయినవాళ్ల గురించి అందరూ ఒకే మాట చెబుతుంటే నాకు నమ్మకం తగ్గుతుంది. మా అమ్మ ప్రార్థన ఎలా ఉండేదో వీళ్లెవరూ చూడలేదు. ఆమె హ్యాండ్‌బ్యాగు సర్దుతుంటే అడుగున పెన్ను టార్చి దొరికింది, డ్యూటీలో రోగుల కళ్లలోకి వేసి చూసేది. బ్యాటరీ ఇంకా పని చేస్తోంది. ఆ టార్చి మా కళ్లలో కూడా పడేది. ఆమె దేవుణ్ణి నమ్మింది. మమ్మల్ని మాత్రం నమ్మలేదు. మమ్మల్ని కాపాడింది ఆ నమ్మకమా, ఈ అపనమ్మకమా అన్నది నేను ఇంకా తేల్చుకోలేదు.

అమ్మ దేన్నీ సులువుగా నమ్మేది కాదు. పాల డబ్బా మీద తేదీ చూసి, వాసన చూసి, మళ్లీ తేదీ చూసేది. పై ఫ్లాటువాళ్లు పిల్లల్ని ఆడుకోవడానికి పంపమంటే, వాళ్లింట్లో ఆ సమయానికి ఎవరెవరుంటారో ముందు కనుక్కునేది. అక్కడ చర్చిలకు అనుమతి లేదు, అందుకే శుక్రవారం నాలుగు కుటుంబాలు మా హాల్లో కూడి ప్రార్థించుకునేటప్పుడు కర్టెన్లు దగ్గరికి లాగి, టీవీ కొంచెం గట్టిగా పెట్టేది. పాటలు గొంతులోనే పాడేవాళ్లం. ఆ ఇంటి వాసన ఇప్పటికీ చెప్పగలను. సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పు తేమ, గాలి మళ్లినప్పుడు ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే ఘాటు, ఏసీలోంచి వచ్చే తడి దుమ్ము, అమ్మ చేతుల నుంచి వచ్చే స్పిరిట్ వాసన. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా అది పోయేది కాదు.

అన్నం వడ్డించాక ఎవరూ ముట్టుకోకూడదు. నలుగురం చేతులు చాపి ఒకరివి ఒకరు పట్టుకోవాలి. అమ్మ ఎప్పుడూ జోయెల్ పక్కనే కూర్చునేది. కళ్లు మూసుకుని, నెమ్మదిగా, పొడుగ్గా ప్రార్థన చేసేది. ఆ ప్రార్థన సాగుతున్నంతసేపూ ఆమె బొటనవేలు వాడి చేతి మీద కదులుతూ ఉండేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వేలి కణుపుల మీద వాపుందా, తోలు లేచిందా, గోరు కింద రక్తముందా అని చూసుకునేది. ఆమె పని చేసేది అత్యవసర విభాగంలో. మెట్ల మీద పడ్డామనీ, తలుపు సందులో చెయ్యి పడిందనీ చెప్పే కుర్రాళ్లను రోజూ చూసేది. పిడికిలితో కొట్టిన చెయ్యికీ, తలుపులో నలిగిన చెయ్యికీ తేడా ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని మాకు తెలియదు. మేం భక్తి అనుకున్నాం.

అప్పటికి నితాఖాత్ అనే ఉద్యోగాల చట్టం వచ్చి కొన్నేళ్లయింది. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలి, లేకపోతే కంపెనీకి ఎరుపు రంగు పడుతుంది, ఎరుపు పడితే అందులోని విదేశీయుల ఇకామాలు, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డులు, రెన్యువల్ కావు. నాన్న ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టరు. ఇంట్లో రంగుల పేర్లు ఎత్తాలంటే భయంగా ఉండేది. దాని మీద కుటుంబ సభ్యులకు తలకింత అని రుసుము వచ్చింది, ఏటా పెరుగుతూ పోయింది. భార్యాపిల్లల్ని ఇళ్లకు పంపేసి మగవాళ్లు మళ్లీ బ్యాచిలర్ గదులకు మారుతున్నారు. ఏ వారం చూసినా ఎవరో ఒకరికి ఫైనల్ ఎగ్జిట్, దేశం వదిలి వెళ్లిపొమ్మనే ఆఖరి వీసా. మా స్కూలు బస్సులో సీట్లు ఖాళీ అవుతూ వచ్చాయి.

దాంతో మగపిల్లల్లో ఒక కొత్త ఆచారం పుట్టింది. ఎగ్జిట్ పడినవాడు ఆఖరి వారంలో తన పాత కోపాలన్నీ తీర్చుకోవాలి. తీర్చుకోకుండా విమానం ఎక్కితే వాడు పిరికివాడు. ఎలాగూ వెళ్లిపోతున్నాడు, ఎవరేం చేస్తారన్నది వాళ్ల లెక్క. అది పూర్తిగా తప్పు. కేసు పెడితే ఎగ్జిట్ ఆగిపోతుంది. కొట్టినవాడు అక్కడే ఉండిపోతాడు, తండ్రి కూడా కదలలేడు, పక్కనున్నవాడి పేరు కూడా రాస్తారు. మంచానికి సంకెళ్లు వేసి పడుకోబెట్టిన కుర్రాళ్లకు అమ్మ కట్లు కట్టింది. ఆ సంగతి కుర్రాళ్లకు చెప్పేవారు లేరు. చెప్పినా వినేవారో లేదో నాకు అనుమానమే.

ఒక సాయంత్రం అమ్మ ప్రార్థన మామూలు కంటే ముందే ఆగింది. ఆమెన్ అని జోయెల్ చెయ్యి వదిలి, తన చేతిని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏరా, ఇవాళ స్కూల్లో ఏం చేశారు?"

"ఏం లేదమ్మా. ఫిజిక్స్ టెస్టు."

"ఫిజిక్స్ టెస్టుకి జిగురెందుకురా?"

"జిగురా? అది... చార్టు. చార్టు అంటించాం."

"తిననివ్వవే వాణ్ణి," అన్నాడు నాన్న. "ఇల్లా, పోలీసు స్టేషనా?"

"అక్కడికి వెళ్లకూడదనేనండి నా బాధ," అని అమ్మ పప్పు వడ్డించింది.

గిన్నెలు కడిగేటప్పుడు నన్ను పిలిచి నాన్న పనిసంచీ తెరిచింది. కరెంటు వైర్లకు చుట్టే నల్ల టేపు తీసి చూపించింది.

"మొన్న కొత్తది తెచ్చారు మీ నాన్న. చూడు ఎంతుందో."

చుట్ట సగానికి పైగా అయిపోయింది. తర్వాత బాల్కనీలోకి తీసుకెళ్లింది. బట్టలారేసే స్టాండుకు ఒక ఇనుప కమ్మీ లేదు. నాకు అర్థమైంది. పట్టు జారకుండా దానికి టేపు చుట్టారు.

"వాణ్ణి అడుగుదాం పద," అన్నాను.

"అడక్కు. అడిగితే అబద్ధం చెప్తాడు. చెప్పాక దానికే కట్టుబడి ఉంటాడు. ఇంక నాకు దొరకడు. బస్సులో ఆడపిల్లలకి అన్నీ తెలుస్తాయి కదా, నువ్వు చెప్పు. ఎవరి మీదకి?"

బస్సులో నాకు తెలిసింది చెప్పాను. సందీప్ అని పన్నెండో తరగతి కుర్రాడు, కడప వైపు వాళ్లు. వాళ్ల నాన్న కంపెనీకి ఎరుపు పడింది, పై వారం గురువారం వాళ్ల ప్రయాణం. క్రికెట్‌లో ఒక రనౌట్ దగ్గర మాటా మాటా పెరిగి, ఫెబిన్ అనే మలయాళీ కుర్రాడు సందీప్‌ను చెంప మీద కొట్టాడు. చిన్న తరగతుల పిల్లలందరూ చూశారు. ఒకడు ఫోనులో తీశాడు. దాన్ని నెమ్మదిగా కదిలేలా చేసి, వెనక హీరో ఎంట్రీకి వేసే మ్యూజిక్ పెట్టి అందరికీ పంపారు. సందీప్ ఇంట్లోంచి బయటికి వస్తే చాలు, చిన్నపిల్లలు ఆ మ్యూజిక్ నోటితో వాయించేవారు. జోయెల్‌కు సందీప్ అంటే ప్రాణం. వాడి నడక కూడా సందీప్‌లాగే మారింది.

ఆ శుక్రవారం ప్రార్థన అయ్యాక ఫలహారాల దగ్గర సందీప్ తిన్న చెంపదెబ్బ, కుర్రాళ్ల కొట్లాటల మాటే వచ్చింది. సీమవాళ్ల రక్తమే అంత అన్నాడు ఒకాయన. సినిమాలు అన్నది వాళ్లావిడ. ఫోన్లు అన్నారు ఇంకొకరు. అమ్మ గారెలు వడ్డిస్తూ, "రక్తం గురించి నాకు చెప్పకండన్నయ్యగారూ, రోజూ చూస్తున్నాను," అన్నది. అందరూ నవ్వారు. నాన్న ఆ నవ్వులోనే తన పాత కథ ఎత్తుకున్నాడు. జోయెల్ చిన్నప్పుడు బస్సులో సీటు లాక్కున్నవాణ్ణి టిఫిన్ డబ్బాతో కొట్టిన కథ. "మావాడు ఊరుకునే రకం కాదండీ," అనే దగ్గర ఎప్పుడూ నవ్వులు పడేవి. ఆ రోజు కూడా పడ్డాయి. జోయెల్ గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. వాడి మొహం నేను చూశాను. అమ్మ కూడా చూసింది. ఆ సినిమాలు నేనూ చూశాను, ఆ పాటలు నాకూ నోటికొచ్చు, నేను కమ్మీ ఎత్తుకెళ్లలేదు. అందుకే సినిమాల వల్ల అంటే నాకు చాలదు. కొడితే మెచ్చుకునేవాళ్లు ఇంట్లోనే ఉన్నారన్న సంగతి సినిమా చెప్పలేదు, నాన్న చెప్పాడు. ఎంతో ప్రేమగా, గారెలు తింటూ చెప్పాడు.

అందరూ వెళ్లాక అమ్మ ఒకే మాట అన్నది. "ఏవండీ, ఆ డబ్బా కథ ఇంక చెప్పకండి."

"సరదాగా అన్నానే."

"వాడికి సరదాగా వినపడట్లేదు."

అక్కడ మావాళ్లలో ఒక పద్ధతి ఉండేది. ఎగ్జిట్ మీద వెళ్లేవాళ్ల వంటసామాను కార్గోలో ముందే వెళ్లిపోతుంది. కాబట్టి ఆఖరి రోజుల్లో తెలిసినవాళ్లు వంతులేసుకుని వాళ్లకు భోజనాలు పెట్టేవారు. అమ్మ సందీప్ వాళ్లింటికి వెళ్లి, మిగిలిన రోజులన్నీ మా ఇంట్లోనే తినాలని చెప్పి వచ్చింది. ఫెబిన్ వాళ్లమ్మ లిజి సిస్టరు కూడా నర్సే, అమ్మతో ఒకే విభాగంలో చేసేది. వాళ్లిద్దరూ నర్సుల గదిలో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. సోమవారం సాయంత్రం లిజి సిస్టరు కొడుకుతో సహా, చేపల పులుసు గిన్నెతో మా గుమ్మంలో నిలబడింది. సందీప్ అప్పటికే అమ్మానాన్నలతో లోపల కూర్చుని ఉన్నాడు.

అమ్మ అందరికీ చోటు చూపించింది. సందీప్‌ను తన పక్కన, ఫెబిన్‌ను సందీప్‌కు అటు పక్కన కూర్చోబెట్టింది. వడ్డన అయ్యాక చేతులు చాపింది.

"ఆంటీ, మేము ప్రార్థన చెయ్యం," అన్నాడు సందీప్ తల దించుకుని.

"చెయ్యక్కర్లేదు నాయనా. చెయ్యి ఇయ్యి, చాలు."

వాడు వాళ్లమ్మ వైపు చూశాడు. ఆవిడ, "ఇయ్యి నాయనా, అన్నం పెట్టే ఇంట్లో ఏందది," అన్నది. వాడు కుడి చెయ్యి అమ్మకిచ్చాడు. ఎడమ చెయ్యి చాలాసేపు బల్ల కిందే ఉంది. చివరికి ఫెబినే దాన్ని తీసుకున్నాడు. అది స్నేహమని నేననుకోలేదు. వాళ్లమ్మ బల్ల కింద కాలితో పొడిచి ఉండొచ్చు.

ఆ రాత్రి అమ్మ నాతో, "గోళ్లన్నీ మాంసం దాకా కొరికేసుకున్నాడే," అన్నది. "చెయ్యి చల్లగా ఉంది. కోపమొచ్చినవాడి చెయ్యి కాదది, హడలిపోయినవాడి చెయ్యి. కోపమైతే అన్నం తింటే తగ్గుతుంది."

"మరి దేనికి భయం?"

"ఊరికి. చెంపదెబ్బ తిని, బాబు ఉద్యోగం పోయి, ఏ మొహంతో దిగుతాడు? ఇక్కడ ఒక పని చేసొచ్చానని చెప్పుకోవాలి వాడికి."

మంగళవారం వచ్చాడు, తిన్నాడు. అమ్మ వాడిచేత కొబ్బరికాయ కొట్టించింది, డాబా మీది నీళ్ల ట్యాంకు మూత సరి చేయించింది, ఊళ్లో ఏ కాలేజీలో చేరతావని అడిగింది. వాడు రెండు మాటల్లో జవాబు చెప్పాడు. నాకు వాడి మీద నమ్మకం కుదరలేదు. అమ్మకు కూడా కుదరలేదు, ఎందుకంటే జోయెల్ చేతికి ఇంకా జిగురు వాసన వస్తూనే ఉంది.

బుధవారం, ప్రయాణానికి ముందు రోజు, సందీప్ అమ్మానాన్నలు వచ్చారు. సందీప్ రాలేదు. స్నేహితులకు చెప్పి వస్తానన్నాడని వాళ్లమ్మ చెప్పింది. లిజి సిస్టరు ఫోను చేసి, ఫెబిన్‌కు జ్వరమనీ, గదిలో పెట్టి తాళం వేశాననీ చెప్పింది. జ్వరానికి తాళం ఎందుకో ఎవరూ అడగలేదు. ఏడు పదికి అమ్మ అన్నం వడ్డించింది, చేతులు చాపింది. జోయెల్ గడియారం వైపు చూస్తున్నాడు. వాడు తిని బయటికి పోవాలి. ఆ సంగతి మొహం మీదే కనపడుతోంది.

అమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. భోజనం కోసం స్తోత్రం చెప్పింది. ప్రయాణం చేసేవాళ్ల కోసం చేసింది. ఆస్పత్రిలో మంచాల మీద ఉన్నవాళ్ల కోసం, ఒక్కొక్క మంచం గురించి, చేసింది. అన్నం మీద ఆవిరి పోయింది. సందీప్ నాన్న ఒకసారి కళ్లు తెరిచి చూసి మళ్లీ మూసుకున్నాడు. అమ్మ ఆగలేదు. సంకెళ్లు వేసిన కుర్రాడి కోసం చేసింది. వాడి తల్లి బయట బెంచీ మీద కూర్చుంటుందని చెప్పి, ఆ తల్లి కోసం చేసింది. జోయెల్ చెయ్యి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. రోగుల్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పే చెయ్యి అది. వాడికి విడిపించుకోవడం సాధ్యం కాదు.

"అమ్మా, వదులు."

ఆమె ప్రార్థిస్తూనే ఉంది.

"అమ్మా, నొప్పి."

ఆమె కళ్లు తెరవలేదు. వాడు ఏడుపు మొదలుపెట్టాడు. కాసేపటికి, "సముద్రం ఒడ్డున, కార్నిష్ దగ్గర," అన్నాడు. "పార్కింగు వెనక గోడ పక్కన. నేను ఫెబిన్‌ని రమ్మని మెసేజ్ పెట్టాను. కమ్మీ సందీప్ దగ్గరే ఉంది."

నాన్న లేచాడు. సందీప్ నాన్న కూడా లేచాడు. అమ్మ కళ్లు మూసుకునే, "మీరు కూర్చోండన్నయ్యగారూ. మీరెళ్తే వాడు తగ్గడు. ఆయన వెళ్తారు," అన్నది. నాన్న ఒక్కడే కారు తీసుకుని వెళ్లాడు. ఆమె ఆమెన్ అనలేదు, జోయెల్ చెయ్యి వదల్లేదు. మేమందరం చల్లారిపోయిన అన్నం ముందు కూర్చున్నాం.

అక్కడ జరిగింది నాన్న తర్వాత ముక్తసరిగా చెప్పాడు. గోడ పక్కన సందీప్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. కమ్మీ ప్యాంటు లోపల కాలి వెంట దాచుకున్నాడు, కదిలితే కుంటుతున్నట్టు ఉన్నాడు. నాన్నను చూసి పరిగెత్తబోయాడు.

"అన్నం చల్లారిపోతోంది, రా," అన్నాడట నాన్న.

"మీకు తెల్దు అంకుల్. వాడు అందర్లో కొట్టినాడు నన్ను."

"నన్ను కూడా కొట్టారురా, మా ఊళ్లో, సంతలో, అందరి ముందూ. ఎవరికీ చెప్పుకోలేదు. అందుకే మావాడి డబ్బా కథ పదిమందికీ చెప్తుంటాను."

నాన్న అంత మాట అన్నాడా అని నాకు ఇప్పటికీ అనుమానం. తర్వాత ఎప్పుడు అడిగినా, గుర్తులేదన్నాడు. కానీ ఆ కథ మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. కమ్మీని స్టాండుకు తిరిగి బిగించింది కూడా నాన్నే. టేపు జిగురు దాని మీద చివరిదాకా అలాగే ఉంది.

సందీప్ లోపలికి వచ్చి తన చోట్లో కూర్చున్నాడు. అమ్మ ఎడమ చేత్తో వాడి చెయ్యి పట్టుకుంది. అప్పుడు ఆమెన్ అన్నది. అందరం తిన్నాం. వాడు రెండోసారి పులుసు వడ్డించుకున్నాడు. మర్నాడు వాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. బాగుపడ్డాడని రాయాలని ఉంది కానీ తెలియని సంగతి రాయను.

తర్వాతి ఏడాది రుసుము మళ్లీ పెరిగింది. ఈసారి ఎగ్జిట్ నాకూ జోయెల్‌కూ. అమ్మా నాన్నా రాబిగ్‌లో ఉండిపోయారు. నేను విశాఖలో డిగ్రీలో, జోయెల్ విజయవాడలో ఇంటర్ హాస్టల్లో చేరాం. అమ్మ ప్రతి సాయంత్రం వీడియో కాల్ చేసి, ముందు వాడి చేతులు చూపించమనేది. వాడు ఇలా ఎత్తి అలా దించేసేవాడు. తెర మీద వాసన తెలియదు, వాపు తెలియదు, చల్లదనం తెలియదు. ఆ సంగతి ఆమెకు అందరికంటే బాగా తెలుసు. అయినా అడిగేది. జోయెల్ ఎడమ చేతి కణుపు మీద ఆ హాస్టల్ రోజుల మచ్చ ఒకటుంది. బాత్రూము తలుపులో పడిందని చెప్పాడు. అమ్మ సెలవు మీద వచ్చినప్పుడు ఆ చెయ్యి తీసుకుని చాలాసేపు చూసింది, ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. అది తలుపు చేసిన మచ్చలా ఉండదు.

మొన్న, ఏడు పదికి జోయెల్ తినడం మొదలుపెట్టాక, మా పెద్దమ్మ కొడుకు ప్రవీణ్ తన ఆరేళ్ల కొడుకు గురించి చెప్పాడు. ఆటోలో పక్కపిల్లాడు నెట్టాడని వీడు వాడి చెవి కొరికేశాడట. "మావోడి జోలికెళ్తే అంతే," అన్నాడు. చావింట్లో రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వులు వినపడ్డాయి. పిల్లవాడు అందరి మొహాలూ ఒకటొకటిగా చూసుకుని, తనూ నవ్వాడు. జోయెల్ ఫోను చూసుకుంటున్నాడు. నాన్న నవ్వలేదు. ఆ పిల్లవాడి చేతుల వైపు చూశాడు, తర్వాత తన కంచం వైపు చూసుకుని, మజ్జిగ పొయ్యమన్నాడు.

మా ఇంట్లో ఇప్పుడు భోజనానికి ముందు ఎవరూ చేతులు పట్టుకోరు.